హాట్ స్వాప్ కీబోర్డ్ అని నమ్మి కొనేవాళ్లు జాగ్రత్త

ఇప్పుడే ఆ సెల్లర్‌తో చాట్ అయింది, కోపం ఇంకా దిగలేదు, రాయడంలో తప్పులుంటే ఏమీ అనుకోకండి. నేను కొన్నది 65 శాతం సైజు, అంటే నంబర్ ప్యాడ్ లేని చిన్న మెకానికల్ కీబోర్డ్, 68 కీలు, ప్రతి కీ కింద ఒక స్విచ్, అవి రెడ్ లీనియర్ రకం, అంటే టక్కుమనకుండా నున్నగా దిగేవి. 60 శాతం వాటిలో బాణం కీలు విడిగా ఉండవు కాబట్టి ఇది తీసుకున్నాను. లిస్టింగ్‌లో పెద్ద అక్షరాలతో హాట్ స్వాప్ అని ఉంది, అంటే స్విచ్ పాడైతే సోల్డరింగ్ పని లేకుండా దాన్ని లాగేసి ఇంకోటి గుచ్చుకోవచ్చు. నేను కొన్నదే దానికోసం.

పది రోజులకే డబ్ల్యూ కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైంది. గేమ్‌లో ముందుకు నడిచే కీ అది! చప్పుడు కాకుండా మెల్లగా వెళ్దామనుకుంటే క్యారెక్టర్ పరుగందుకునేది. సెల్లర్‌కి మెసేజ్ పెడితే చాలా మర్యాదగా, "హాట్ స్వాపే కదండీ, బాక్స్‌లో స్విచ్ లాగే పుల్లర్, స్పేర్ స్విచ్‌లు ఉన్నాయి, మీరే మార్చుకోండి" అన్నాడు. సరే అని కీ పైన ఉండే కీక్యాప్ తీసి, పుల్లర్‌తో రెండు వైపులా క్లిప్పులు నొక్కి లాగాను. కదల్లేదు. మళ్లీ అడిగాను. "కొత్తది కదా, బిగువుగా ఉంటుంది, గట్టిగా లాగండి" అన్నాడు. లాగాను. స్విచ్ పై సగం ఊడి చేతికొచ్చింది, స్ప్రింగ్ ఎగిరి ఎక్కడో పడింది, కింది సగం మాత్రం బోర్డుకి అలాగే అతుక్కుని ఉంది.

ఫొటో తీసి పంపాను. అక్కడ మనిషే మారిపోయాడు. "ఇది ఫిజికల్ డ్యామేజ్, రిటర్న్ కుదరదు. ఈ మోడల్‌లో స్విచ్‌లు సోల్డర్ చేసి ఉంటాయి, మిమ్మల్ని ఎవరు లాగమన్నారు?" ఎవరు లాగమన్నారా! అదే చాట్‌లో, కాస్త పైన, గట్టిగా లాగమని తను రాసిన మాట అలాగే ఉంది. అది చూపిస్తే, "వాడటం రానివాళ్లు మామూలు కీబోర్డ్ కొనుక్కోవాలి" అని చాట్ మూసేశాడు. మళ్లీ లిస్టింగ్ తెరిచి చూస్తే హాట్ స్వాప్ అన్న మాటే లేదు, తీసేశారు. ఆర్డర్ పెట్టిన రోజు నేను ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోలేదు. ఆ తప్పు నాదే, అప్పటినుంచి అదే తలుచుకుని బాధపడుతున్నాను. డబ్బు పోవడం ఒక ఎత్తు, తనే చెప్పి చేయించి నాకు వాడటం రాదనడం ఇంకో ఎత్తు.

కొనబోయేవాళ్లు లిస్టింగ్ స్క్రీన్‌షాట్ ఆర్డర్ పెట్టిన రోజే దాచుకోండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. రిటర్న్ గడువు ఉండగానే ఒక మూల స్విచ్ లాగి చూడండి, క్లిప్పులు సరిగ్గా నొక్కినా కదలకపోతే అక్కడే ఆపేయండి, గట్టిగా లాగమని ఎవరు చెప్పినా వినకండి. నేను చాట్ మొత్తం జతచేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.