రొయ్య తలల రంగు తీయడానికి సాల్వెంటా, వంటనూనా?

బాపట్ల, కృష్ణా జిల్లాల చెరువుల్లో పట్టిన వెనామీ రొయ్య శుభ్రం చేసే ప్లాంటుకు చేరాక దాని బరువులో దాదాపు 40 శాతం తలలు, పెంకులుగా పక్కకు పోతుంది. ఆ పెంకు నుంచి కైటిన్ (పెంకుకు గట్టితనమిచ్చే పదార్థం) తీయడం మంచి బేరమే. కానీ అందులో వాడే ఆమ్లం, కాస్టిక్ సోడా దెబ్బకు అస్టాజాంతిన్ అనే ఎర్ర రంగు పాడైపోతుంది. అందుకే ముందు రంగూ నూనే తీసి, మిగిలిన పిప్పిని కైటిన్‌కు పంపాలి.

రంగు తీయాలనగానే గుంటూరువాళ్లకు సాల్వెంటే, అంటే రంగును కరిగించి లాగే ద్రవమే, గుర్తొస్తుంది. మిర్చి నుంచి ఓలియోరెసిన్ (రంగూ ఘాటూ ఉన్న చిక్కటి సారం) తీసిన ఊరు కదా, ఆ ట్యాంకులోనే తలలు పోస్తే సరిపోదా అంటారు. సరిపోదు. మిర్చి ఎండు సరుకు, రొయ్య తలలో ముప్పాతిక వంతు దాకా నీళ్లే. నీటితో కలవని హెక్సేన్ అనే సాల్వెంట్ ఆ తడిలోకి దిగదు. పోనీ ఎండబెడదామంటే వెలుతురుకీ గాలికీ రంగు దిగిపోతుంది. ఇథనాల్, అసిటోన్ తడిలోకి దిగి రంగును బాగానే లాగుతాయి. కాకపోతే నిప్పు భయం, ఆవిరిని మళ్లీ పట్టుకునే యంత్రాలు, సరుకులో సాల్వెంట్ మిగల్లేదని పరీక్షలు... చిన్న యూనిట్ మోయలేదు. పైగా మిర్చి కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉంటుంది. తలలు ఐసు లేకపోతే పూట గడవకుండానే నల్లబడతాయి.

సూపర్‌క్రిటికల్ (గట్టి ఒత్తిడితో ద్రవంలా కరిగించే స్థితికి తెచ్చిన) కార్బన్ డయాక్సైడ్‌తో తీస్తే శుభ్రమైన నూనె వస్తుంది. 74 బార్లు దాటిన ఒత్తిడిని తట్టుకునే పాత్రల ధర వింటే ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

ఇక వంటనూనె. పొద్దుతిరుగుడు నూనెలో 70 డిగ్రీల దగ్గర రెండున్నర గంటలు ఉంచి రంగు తీయవచ్చని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు చూపించారు. సాల్వెంట్ అంత రంగు రాదు. వచ్చినది కూడా నూనెలోంచి విడదీయలేం, తలల నూనెలోని ఒమేగా-3 కొవ్వు పలచబడుతుంది, కాబట్టి క్యాప్సూళ్ల కంపెనీ దీన్ని ముట్టదు. అయితే విడదీయాల్సిన పనేముంది? మేత మిల్లువాళ్లు ఎలాగూ నూనె కలుపుతారు, ఈ ఎర్ర నూనెనే పోయొచ్చు. నూజివీడు వైపు కోళ్లఫారాల్లో గుడ్డు సొనకు రంగెక్కుతుంది, అక్వేరియం చేపలకూ పనికొస్తుంది. రొయ్యల మేతలోకి మాత్రం నేనైతే పంపను, రొయ్య తలల నుంచి రొయ్యలకే జబ్బులు అంటుకునే భయం ఉంది.

సాల్వెంట్ ప్లాంటు, అనుమతులు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు ఇథనాల్‌తో చేసుకోవచ్చు. కొత్తగా దిగేవాళ్లకు నూనే మేలు, అదీ మేత మిల్లుతో ముందే ధర మాట్లాడుకుని, ప్లాంటు పక్కనే షెడ్డు దొరికితే.