వరండాలో పట్టే కటా: టెక్కీ షోదాన్‌తో కొన్నేళ్లు

కటా అంటే ఒంటరిగా, వరస తప్పకుండా చేసే కరాటే కదలికల కూర్పు. షోటోకాన్ అనే కరాటే శాఖలో టెక్కీ షోదాన్ అనే కటాను మెచ్చుకునేవాళ్లు తక్కువ. ఎగరడం లేదు, గిర్రున తిరగడం లేదు, చూసేవాళ్లకు చప్పట్లు కొట్టాలనిపించే ఘట్టం ఒక్కటీ లేదు. మొదట్లో నేర్చుకునే హేయాన్ అనే ఐదు కటాలకూ, తర్వాత వచ్చే బస్సాయ్ దాయ్ అనే కటాకూ మధ్య ఇరుక్కున్న దీన్ని బ్రౌన్ బెల్టు పరీక్ష గట్టెక్కడానికి నేర్చుకుని, ఆ తర్వాత మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఇన్నేళ్లలో నేను కట్టిన ఫీజులకు పూర్తి గిట్టుబాటు మాత్రం ఈ ఒక్క కటాతోనే అయింది.

ఏ బెల్టుకు ఏ కటా అన్నది ఏ మాస్టారినడిగినా చెబుతారు, అది వదిలేస్తాను. నా సమస్య చోటు. ఇల్లు మియాపూర్‌లో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. క్లాసు మా కాలనీ పార్కులోని సిమెంటు గచ్చు మీద. సాయంత్రం ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి క్లాసు ముగిసి పిల్లలు చెప్పులు వేసుకుంటూ ఉంటారు. వానాకాలంలో క్లాసే ఉండదు. కనుక సాధన ఇంట్లోనే.

హేయాన్‌లలో మొదటిదైన హేయాన్ షోదాన్ ఇంట్లో పట్టదు. 21 కదలికలు; నడిచే దారి చూస్తే అడ్డంగా రెండు గీతలు, వాటిని కలుపుతూ మధ్యలో ఒక పొడవాటి గీత. ఆ మధ్య గీత మీద వరసగా మూడు పెద్ద అడుగులు ముందుకు వేయాలి. మా హాల్లో రెండో అడుగుకే టీవీ బల్ల తగులుతుంది. వెనక్కి జరిగి, కాళ్లు సర్దుకుని, మూడో అడుగు వేసేలోపు లయ పోతుంది. మిగతా హేయాన్‌లదీ అదే కథ. కరాటే గురువు ఇతోసు అంకో వీటిని 1900ల మొదట్లో జపాన్‌లోని ఒకినావా బడిపిల్లల కోసం కూర్చారు. బడికి ఆటస్థలం ఉంటుంది, రెండు పడక గదుల ఫ్లాటుకు ఎక్కడిది!

టెక్కీ షోదాన్‌లో అడుగు ముందుకూ పడదు, వెనక్కూ పడదు. గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచే కిబా దాచీలోనే 29 కదలికలూ నడుస్తాయి. ఒక కాలిని రెండోదాని మీదుగా దాటించి పక్కకు ఒక అడుగు, అలాగే అటు పక్కకు ఒకటి. చివరికి మొదలుపెట్టిన చోటికే వస్తాం. ఫ్లాట్ల మధ్య వరండాలో, ఎదురింటివాళ్ల చెప్పుల స్టాండుకు తగలకుండా ఇది మొత్తం పడుతుంది. గోడకు వీపు పెట్టి పోరాడేవాళ్ల కోసమనీ, పొలం గట్ల మీద నిలబడేవాళ్ల కోసమనీ దీని పుట్టుక గురించి రకరకాలుగా చెబుతారు. నేను అవేవీ పెద్దగా నమ్మను. మియాపూర్ అపార్టుమెంట్ల కోసమంటే ఒప్పుకుంటాను.

వరండా గోడ నాకు రెండో మాస్టారు అయింది. గోడకు బెత్తెడు దూరంలో నిలబడి మొదలుపెడితే, నడుము ఏమాత్రం వంగినా పిర్రలు వెళ్లి గోడకు తగులుతాయి. కాలు దాటించేటప్పుడు తల పైకి లేస్తోందా లేదా అన్నది గోడ మీది స్విచ్‌బోర్డు అంచుతో పోల్చుకునేవాణ్ని. నామీ గాయెషీ అని ఒకటుంది, పాదాన్ని లోపలివైపు నుంచి తొడల దాకా ఎగరేసి మళ్లీ అదే చోట దించాలి, పైభాగం కదలకూడదు. హేయాన్‌లలో ఇలాంటి లోపాలను వేగంతో కప్పిపుచ్చవచ్చు, నేను కప్పిపుచ్చాను కూడా. ఇక్కడ ఆ వీలు లేదు. టెక్కీ పేరుతో ఉన్న మూడు కటాలకే తనకు పదేళ్లు పట్టిందని షోటోకాన్ స్థాపకుడు ఫునకోషి ఎందుకు రాసుకున్నారో అప్పుడు కొంత అర్థమైంది.

చిక్కల్లా తొక్కుడుతో వచ్చింది. కాలు దాటించాక రెండో కాలిని ఎత్తి నేలను గట్టిగా తొక్కాలి, దాన్నే ఫుమికోమీ అంటారు. నాకు వీలయ్యే సమయం రాత్రి పది దాటాక. కొన్నాళ్లకు కింది ఫ్లాటు పెద్దావిడ మెట్లెక్కి వచ్చారు.

"ఏం నాయనా, ఈ వేళప్పుడు ఏం దంచుతున్నారు?"

"దంచడం కాదండీ, కరాటే."

"మరి నేల మీద ఏం కోపం?"

ఆమెకు తలనొప్పి ఉందట. ఆ రోజు నుంచి చప్పుడు కాకుండా పాదం దించడం మొదలుపెట్టాను. మడమ ఆనేలోపే బరువును మోకాళ్లలోకి తీసుకోవడం అలవాటైంది. తొడలు మండిపోయేవి, కానీ కాలు ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగేది. ఇంత మంచి వ్యాయామం ఏ క్లాసులోనూ దొరకలేదని మురిసిపోయాను. తీరా బ్రౌన్ బెల్టు పరీక్షలో, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కటా అంతా చూసి, "నిలబడడం బాగుంది. ఆ తొక్కుడేమిటండీ, నిద్రపోతున్న పసివాణ్ని దాటుతున్నట్టు?" అన్నారు. పెద్దావిడ తలనొప్పి సంగతి ఆయనకు ఏమని చెప్పను? బెల్టు ఇచ్చారు గానీ, తర్వాత చాలా ఆదివారాలు పార్కు గచ్చు మీద తొక్కుడే పనిగా పెట్టుకున్నాను.

వరండా సాధనకు ఇంకో ఖరీదు కూడా ఉంది. మోకాళ్లు లోపలికి వాలనిస్తే లోపలి పక్క నొప్పి పట్టుకుంటుంది. నున్నని టైల్స్ మీద అవి వాలకుండా ఆపడం కష్టం, అందుకే ఇప్పుడు నా కిబా దాచీ ఉండవలసినదానికంటే కాస్త ఇరుకు. ఎప్పుడూ పక్కకే కదలడంతో ముందు మోకాలు వంచి పొడవుగా నిలబడే జెన్‌కుత్సు దాచీలో ముందడుగు పొట్టిదైపోయింది. బ్లాక్ బెల్టుకు అడిగే బస్సాయ్ దాయ్ వరండాలో పట్టే ప్రశ్నే లేదు.

బెల్టుల మీద నాకు మొదట్లో ఉన్న మోజు ఇప్పుడు లేదు. కొన్ని నెలలకో పరీక్ష ఉంటే గురి ఉంటుందని పసుపు బెల్టప్పుడు కనబడినవారికల్లా చెప్పేవాణ్ని. గురి ఉండే మాట నిజమే, కాకపోతే కొత్త కటా మొదలుకాగానే పాతది అడుగున పడిపోతుంది. నలుపుకు ముందు వచ్చే రంగులు కూడా ఒక్కో సంఘంలో ఒక్కో రకం. ఫునకోషి 1924లో మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చేనాటికి ఇంత రంగుల వ్యవహారం లేదు.

నలభై దాటి, పోటీలకు వెళ్లే ఆలోచన లేకుండా, చోటులేని ఇంట్లో రాత్రిపూట మాత్రమే వీలు దొరికేవారికి టెక్కీ షోదాన్ గట్టిగానే సిఫారసు చేస్తాను, మోకాళ్లు బాగుండి కింది ఫ్లాటువాళ్లు సర్దుకుంటే. మైదానం పక్కనే ఉన్నవారు నా మాట పట్టించుకోనక్కరలేదు. పిల్లల్ని చేర్పించమంటారా అని అడిగితే ఏమీ చెప్పలేను, మావాడు ఆరెంజ్ బెల్టు దగ్గర ఆపేసి క్రికెట్ కోచింగ్‌లో చేరాడు.