తులంబెన్‌లో మూడు డైవ్‌లు: ఓడ అద్భుతం, అద్దె సామాను అంతంతమాత్రం

బాలి ద్వీపానికి వెళ్లే మనవారిలో చాలామంది దక్షిణాన కూటా, సెమిన్యాక్ పరిసరాల్లో బస చేసి, స్కూబా డైవింగ్ చేయాలనిపిస్తే అక్కడి ఏజెంటు చూపించిన ఒక్కరోజు ప్యాకేజీ తీసుకుంటారు. నేనూ మా తమ్ముడూ అలా కాకుండా ఈశాన్య తీరంలోని తులంబెన్ అనే చిన్న ఊళ్లోనే రెండు రాత్రులు ఉండి, అక్కడి ఒక డైవ్ సెంటర్‌తో మూడు డైవ్‌లు చేశాము. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ సెంటర్ పనితీరు గురించి. మెచ్చుకోవలసినవి ఎన్ని ఉన్నాయో తప్పుపట్టవలసినవీ దాదాపు అన్నే ఉన్నాయి గనుక దాని పేరు రాయడం లేదు.

విమానాశ్రయం నుంచి తులంబెన్ సుమారు 100 కిలోమీటర్లు. కారులో మూడు గంటలు పట్టింది. పోస్టుకార్డుల మీద కనిపించే పచ్చని వరిమడుల బాలి అమ్లాపుర దాటాక క్రమంగా మాయమై, ఎడమవైపు ఆగుంగ్ అగ్నిపర్వతం, కుడివైపు సముద్రం, మధ్యలో లావా పారిన చోట ఎండిన నేల మిగులుతాయి. ఊరంటే ఒక రోడ్డు, దాని వెంట వరుసగా డైవ్ సెంటర్లు, చిన్న లాడ్జిలు, భోజనశాలలు, అంతే. సాయంత్రం ఏడు దాటితే చేయడానికి ఏమీ ఉండదు. శాకాహారులు టెంపే (పులియబెట్టిన సోయా గింజల దిమ్మ), అన్నం, కూరగాయలతో సరిపెట్టుకోవాలి. మాకు అది ఇబ్బంది అనిపించలేదు గానీ, షాపింగ్ ఆశతో వచ్చే కుటుంబాన్ని ఇక్కడికి తీసుకురావద్దు.

ఇంత దూరం ఎవరైనా వచ్చేది ఒక్క ఓడ కోసం. యు.ఎస్.ఏ.టి. (అమెరికా సైన్యపు రవాణా ఓడ) లిబర్టీ అనే ఈ అమెరికా సరుకు ఓడ 1918లో తయారైంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 జనవరి 11న, పక్క ద్వీపమైన లొంబోక్ సమీపంలో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో దెబ్బతిన్నది. సింగరాజ రేవుకు లాక్కుపోదామని చూశారు గానీ, నీరు ఎక్కువగా చేరడంతో మునిగిపోకుండా తులంబెన్ ఒడ్డుకెక్కించి వదిలేశారు. ఇరవై ఒక్క ఏళ్లు అది ఒడ్డునే ఉన్నది. 1963లో ఆగుంగ్ బద్దలైనప్పుడు వచ్చిన ప్రకంపనలకు ఓడ జారి నీళ్లలోకి దిగింది. కనుక దీన్ని సముద్రంలో మునిగిన ఓడ అనడం కంటే కొండ సముద్రంలోకి నెట్టిన ఓడ అనడం సబబు. చాలా ప్రకటనల్లో దీన్ని "యుద్ధనౌక" అని రాస్తారు. మా సెంటర్ గోడ మీద కూడా అదే ఉంది. అది తప్పు, పేరు చూసి కొందరు అనుకున్నట్లు ఇది రెండో ప్రపంచయుద్ధకాలపు "లిబర్టీ షిప్" తరగతికి చెందినది కూడా కాదు.

సుమారు 120 మీటర్ల పొడవున్న ఈ ఓడ ఒడ్డుకు ఎంత దగ్గరగా ఉన్నదంటే పడవ అవసరమే లేదు. నడిచి నీళ్లలోకి దిగి కొద్దిసేపు ఈదితే ఓడ కనిపిస్తుంది. పైభాగం ఐదు మీటర్ల లోతులోనే ఉండటం వల్ల స్నార్కెలింగ్ చేసేవారు (నీటి మీద తేలుతూ గొట్టంతో ఊపిరి తీసుకునేవారు) కూడా కొంత చూడగలరు. అడుగుభాగం 30 మీటర్ల దాకా దిగుతుంది.

సెంటర్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది మా గైడ్ పద్ధతి. నాకు 30 మీటర్ల వరకు అనుమతించే అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉంది. తమ్ముడికి 18 మీటర్ల ఓపెన్ వాటర్ మాత్రమే ఉంది. ఇద్దరినీ ఒకే జట్టుగా తీసుకెళ్తున్నప్పుడు తక్కువ ఉన్నవారి పరిమితే అందరికీ వర్తిస్తుందని ఆయన ముందే స్పష్టంగా చెప్పాడు. నేను రెండుసార్లు బతిమాలాను, అదనంగా డబ్బు ఇస్తానని కూడా అన్నాను. నవ్వి ఊరుకున్నాడే తప్ప మాట మార్చలేదు. ఆ పూట నాకు కాస్త చిరాకు వేసిన మాట నిజమే. మొదటిరోజు మధ్యాహ్నం మమ్మల్ని నేరుగా ఓడ దగ్గరకు తీసుకెళ్లకుండా, పక్కనే ఉన్న పగడాల తోటలో ఒక డైవ్ చేయించి మా తేలింపు నియంత్రణ, అంటే నీళ్లలో పైకి తేలిపోకుండా కిందికి దిగిపోకుండా నిలిచే నేర్పు, ఎలా ఉందో చూశాడు. ఆ డైవ్‌లో నీళ్లలో మునగడానికి కట్టుకునే తమ్ముడి బెల్టుకు రెండు కిలోల బరువు ఎక్కువైందని గమనించి మర్నాటికి తగ్గించాడు. నీళ్లలో పది నిమిషాలకొకసారి గాలి ఎంత మిగిలిందో అడిగాడు. సిలిండర్‌లో 200 బార్ (గాలి పీడనానికి కొలత) గాలితో మొదలుపెట్టి 100 రాగానే వెనుదిరగడం, పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల లోతు దగ్గర మూడు నిమిషాలు ఆగడం, కనీసం 50 బార్ మిగిలి ఉండగా బయటికి రావడం: ఈ మూడింటినీ ఒక్కసారి కూడా సడలించలేదు.

రెండోరోజు తెల్లవారకముందే ఐదున్నరకు లేపి ఓడ దగ్గరకు తీసుకెళ్లారు. ఊళ్లో నిద్ర చేసినందుకు దక్కిన ఫలం ఇదే. ఓడ మరుగున రాత్రి పడుకునే గుబ్బతల పారట్ చేపలు తెల్లవారుజామున గుంపుగా బయలుదేరుతాయి. ఒక్కొక్కటి మీటరుకు పైగా పొడవు, నుదురు గోడకు గుద్దుకుని వాచినట్లు ఉంటుంది. అవి పగడాన్ని కొరికే చప్పుడు నీళ్లలో మనకు స్పష్టంగా వినిపిస్తుంది. నమిలిన పగడాన్ని వెనక ఇసుకగా విసర్జిస్తూ పోతాయి. మన తీరంలో పార అని పిలిచే జాతికి చెందిన ట్రెవల్లీ చేపలు వందల సంఖ్యలో ఒక స్తంభంలా తిరుగుతుంటే, గైడ్ మమ్మల్ని వాటి మధ్యకు పోనివ్వకుండా పక్కన నిలిపాడు. రెండు నిమిషాలకు అవే మమ్మల్ని చుట్టుముట్టాయి. తిరిగివచ్చే దారిలో నల్లటి ఇసుకలోంచి గడ్డిపోచల్లా నిలువునా లేచి ఊగే గార్డెన్ ఈల్స్ కనిపించాయి. దగ్గరకు వెళ్తే చాలు, ఒక్కొక్కటే ఇసుకలోకి దిగిపోతాయి.

అదే ఓడకు అదేరోజు పదిన్నరకు మళ్లీ వెళ్తే అది మరో ప్రదేశంలా ఉన్నది. దక్షిణం నుంచి వ్యాన్లలో వచ్చినవారు అప్పటికి దిగారు. నేను లెక్కపెట్టినంతలో ఒక ఇరుకైన సందు దగ్గర పదిహేడుమంది వరుసలో ఉన్నారు. ఒకాయన ఫిన్ (ఈదడానికి కాలికి తొడిగే రెక్క) నా మాస్క్‌కు తగిలింది. ఇంకొకరు ఫొటో కోసం పగడాన్ని పట్టుకుని వేలాడారు. ఈ రద్దీ సంగతి సెంటర్‌కు తెలియనిది కాదు. రెండో డైవ్‌ను మధ్యాహ్నానికి మార్చుకోవచ్చని మేము అడిగాకే చెప్పారు, అదీ డైవ్ అయిపోయాక.

ఇక అద్దె సామాను. వెట్‌సూట్‌లు, రెగ్యులేటర్లు (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరాలు) బాగున్నాయి. నాకు ఇచ్చిన మాస్క్ పట్టీ చీలి ఉంది. ఒడ్డున మార్పించుకున్నాను, రెండోదాని అంచు గట్టిపడిపోయి నీరు కారుతూనే ఉంది. అంతకంటే పెద్ద లోపం పాదాలకు సంబంధించినది. ఇక్కడి ఒడ్డున ఇసుక ఉండదు, నల్లటి గుండ్రాళ్లే ఉంటాయి. అల వచ్చినప్పుడల్లా అవి కాళ్ల కింద దొర్లుతాయి. వీపున సిలిండర్‌తో ఆ రాళ్ల మీద నడవడానికి మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి. తమ్ముడి కొలతకు బూట్లు లేవని చెప్పి, వట్టికాళ్లకు తొడిగే రకం ఫిన్స్ ఇచ్చారు. అతను చెప్పులతో నీళ్ల దాకా నడిచి, వాటిని గైడ్‌కు అప్పగించి, నడుములోతు నీళ్లలో తంటాలు పడి ఫిన్స్ తొడుక్కున్నాడు. రెండుసార్లు పడ్డాడు, మోకాలు గీరుకుపోయింది.

అదే రాళ్ల మీద ఆ ఊరి స్త్రీలు రబ్బరు చెప్పులతో, తలమీద నిండు సిలిండర్ పెట్టుకుని, ఒక్కోసారి భుజాన రెండోదానితో, తొట్రుపాటు లేకుండా నడిచిపోతుంటారు. మా సామాను మోసినామె వయసు మా అమ్మ వయసుకు తక్కువ ఉండదు. మోత కూలి ప్యాకేజీలోనే ఉంటుంది గానీ, చేతికి విడిగా కొంత ఇవ్వడం బాగుంటుంది. ఆ మాట సెంటర్‌వారే ముందుగా చెప్పి ఉంటే చిల్లర సిద్ధంగా పెట్టుకునేవాళ్లం.

ధర విషయానికి వస్తే, మూడు డైవ్‌లకు గైడ్, సామాను కలిపి ఒక్కొక్కరికి 18 లక్షల ఇండోనేషియా రుపయా తీసుకున్నారు. అంకె చూసి బెదరనక్కరలేదు. మన లెక్కలో అది పదివేలకు కాస్త అటూ ఇటూ. ముగ్గురు నలుగురిని ఒకే గైడ్‌కు అప్పగించకుండా మా ఇద్దరికీ విడిగా ఒకరిని ఇచ్చారు గనుక ఇది న్యాయమైన ధరే అనుకుంటున్నాను. అయితే డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపే చేతి పరికరం) అద్దె అందులో లేదని బిల్లు కట్టేటప్పుడు తెలిసింది.

తిరుగు ప్రయాణం గురించి ఒక హెచ్చరిక. ఒకటికి మించి డైవ్‌లు చేశాక విమానం ఎక్కేందుకు కనీసం 18 గంటలు ఆగాలన్నది సాధారణ సూచన. ఇది చాలామందికి తెలుసు. ఎత్తైన ఘాటు రోడ్డు ఎక్కినా, డైవ్‌లలో ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కట్టే అదే ప్రమాదం ఉంటుందన్నది అంతగా తెలియదు. డైవ్ ముగిసిన మధ్యాహ్నమే మా డ్రైవర్ కింతామణి మీదుగా తీసుకెళ్తానన్నాడు. అది దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. రిసెప్షన్‌లోని అమ్మాయి సరేనన్నట్లు తలూపింది. పక్కనే సిలిండర్లు కడుగుతున్న మా గైడ్ ఆ మాట విని, పని వదిలి వచ్చి, ఈ రాత్రి ఇక్కడే ఉండి రేపు సముద్రం పక్క రోడ్డునే వెళ్లమని డ్రైవర్‌తో వాళ్ల భాషలో గట్టిగానే చెప్పాడు. మేము అలాగే చేశాము.