రూపాయిన్నర మిత్తి అంటే నమ్మి ఓటీపీ చెప్పకండి: ఆన్‌లైన్‌లో చీరలు, బట్టలు అమ్ముకునేవాళ్లకు జాగ్రత్త

ఇన్‌స్టాలో, వాట్సాప్ గ్రూపుల్లో చీరలు, పచ్చళ్లు, పిల్లల బట్టలు అమ్ముకునే అక్కలు, చెల్లెళ్లు, అన్నలు ఇది ఒకసారి చదవండి. స్టాక్ కోసం లోన్ తీసుకుందామని చూస్తున్నవాళ్లయితే మొత్తం చదవండి.

మాది మహబూబ్‌నగర్. నాలుగేళ్లుగా నారాయణపేట, గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. పోయిన ఆగస్టులో బతుకమ్మ స్టాక్ దింపాలి, మగ్గాలవాళ్లు అడ్వాన్స్ అడుగుతున్నారు, నా చేతిలో ఉన్నవేమో నలభై వేలు. ఎవరు చెప్పారో ఏమో, సరిగ్గా ఆ వారమే ఒక లోన్ ఏజెంటు ఇంటికి వచ్చాడు. నా క్యూఆర్‌లో నెలకు ఎంత పడుతుందో చూసి, "అక్కా, మీకు రెండు లక్షలు ఓకే అయినట్టే, జమానతు అక్కర్లేదు, మిత్తి రూపాయిన్నరే" అన్నాడు. మా దిక్కు షావుకారి దగ్గరికి పోతే రెండు రూపాయలకు తక్కువ ఎవరిస్తారు? చీరల మూట మీదే కూర్చుని ఫోన్‌లో క్యాలిక్యులేటర్ నొక్కి చూపించాడు. నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు, రోజుకు 656 చొప్పున 360 రోజులు కడితే బాకీ తీరిపోతుంది. "రోజుకు ఒక్క చీర అమ్మితే అయిపాయె" అన్నాడు. ఆఫర్ సాయంత్రం వరకే అన్నాడు. నేనూ తొందరపడ్డాను, ఓటీపీ చెప్పేశాను.

ఖాతాలో పడింది మాత్రం 1,85,340. ఫోన్ చేసి అడిగితే ప్రాసెసింగ్ ఫీజు 6,000, దాని మీద జీఎస్టీ 1,080, డాక్యుమెంట్ల ఖర్చు 1,180, ఇన్సూరెన్స్ 6,400 పట్టుకున్నామన్నారు. ఇన్సూరెన్స్ సంగతి ఏజెంటు ఒక్క ముక్క ఎత్తలేదు. చేతికి రాని 14,660కి కూడా నేనే మిత్తి కడుతున్నానన్నమాట.

అసలు మోసం అది కూడా కాదు, ఆ రూపాయిన్నరలో ఉంది. షావుకారి దగ్గర లక్ష తెచ్చి సగం తిరిగిచ్చేస్తే ఆ రోజు నుంచి మిగిలిన సగానికే మిత్తి. ఇక్కడ రోజూ అసలు తగ్గుతూనే ఉంటుంది, మిత్తి మాత్రం చివరి రోజు దాకా మొత్తం రెండు లక్షలకే. దీన్నే ఫ్లాట్ రేటు అంటారట. మా మరిది కామర్స్ చదువుతున్నాడు, వాడు కూర్చుని లెక్క కట్టాడు. చేతికొచ్చినదెంత, కట్టేదెంత, ఎప్పుడెప్పుడు కడుతున్నాం అన్నీ చూస్తే ఏడాదికి దాదాపు 51 శాతం, అంటే నూటికి నెలకు నాలుగు రూపాయల పైనే. షావుకారే నయం కదా అని మా అత్తమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

తమాషా ఏంటంటే ఆ 51 శాతం వాళ్లు పంపిన పీడీఎఫ్ మూడో పేజీలోనే ఉంది, ఏపీఆర్ అని, అంటే ఖర్చులన్నీ కలిపి ఏడాదికి పడే అసలు మిత్తి రేటు. ఇంగ్లిష్‌లో 27 పేజీలు, నేను తెరిచి చూడలేదు, అది నా తప్పే. కానీ 2024 అక్టోబర్ 1 తర్వాత ఇచ్చే ఇలాంటి లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు రూల్ పెట్టింది. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులో అన్ని ఖర్చులూ కలిపిన ఏపీఆర్ రాయాలి, మనం ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు టైం ఉండాలి. సాయంత్రం వరకే అని ఎవడన్నా అన్నాడంటే అక్కడే ఆపేయండి, తెలుగులో కాగితం అడగండి.

ఇక రోజువారీ కోత. మనది కిరాణా కొట్టు కాదు కదా, క్యాష్ ఆన్ డెలివరీ పైసలు కొరియర్‌వాళ్ల దగ్గర్నుంచి వారం పదిరోజులకు వస్తాయి, మధ్యలో రిటర్నులు. దసరా దాకా బాగానే నడిచింది. పుష్యమాసంలో పెళ్లిళ్లు లేవు, గిరాకీ లేదు, ఖాతాలో పైసల్లేక పదకొండు సార్లు బౌన్స్ అయింది. 656 కట్టలేదని ప్రతిసారీ 590 ఫైన్! బ్యాంకువాడు పట్టుకున్నది దానికి వేరు. పోనీ మొత్తం ఒకేసారి కట్టేస్తానంటే మిగిలిన అసలు మీద ఐదు శాతం, దాని మీద జీఎస్టీ అంటున్నారు.

సంక్రాంతి తర్వాత క్లాక్ టవర్ దగ్గర మా బ్యాంకుకు పోయి అడిగితే ముద్ర లోన్ ఎందుకు అడగలేదమ్మా అన్నారు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే లోన్ అది. అందులో శిశు రకంలో 50 వేల దాకా, కిశోర్‌లో 5 లక్షల దాకా, తరుణ్‌లో 10 లక్షల దాకా ఇస్తారు, జమానతు అడగరు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) తెమ్మన్నారు. తిప్పుతారు, అది నిజమే, నెల పడుతుందో రెండు నెలలో. కాబట్టి బతుకమ్మకు కావాలంటే జూన్‌లోనే మొదలుపెట్టండి. మహిళా సంఘంలో ఉన్నవాళ్లు బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే లోన్), స్త్రీనిధి (సంఘాల మహిళలకు లోన్లిచ్చే సహకార సంస్థ) గురించి ముందు మీ సంఘంలో అడగండి. ఇంకోటి, ఆ ఏజెంటు నా దగ్గర ఉద్యమ్ సర్టిఫికెట్‌కు కూడా 1,500 తీసుకున్నాడు. ప్రభుత్వ సైట్‌లో ఆధార్ నంబరు కొట్టి మనమే చేసుకోవచ్చు, ఒక్క పైసా కట్టక్కర్లేదు.

ఇన్సూరెన్స్ మీద, తెలుగు కాగితం ఇవ్వకపోవడం మీద కంపెనీకి మెయిల్ పెట్టాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, నేను పెట్టిన మెయిల్‌కు ఇవాళ్టికి 12 రోజులు. మీలో ఎవరికైనా అట్లా పట్టుకున్న ఇన్సూరెన్స్ పైసలు వాపస్ వచ్చి ఉంటే ఎట్లా అడిగారో చెప్పండి. పొద్దున ఆరింటికి చాయ్ కూడా పొయ్యి మీద పెట్టకముందే 656 కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, ఇంకా 190 రోజులున్నాయి.