కడప ఎండలకు ఆరంగుళాల అంతరిక్ష సైనికుడు ఎంతవరకు తట్టుకున్నాడు?

తెల్ల కవచం, నల్ల బెల్టు, కుడి భుజం మీద నారింజ రంగు పట్టీ, చేతిలో పొడవాటి గన్ను. అంతరిక్ష యుద్ధాల కథల్లో గుంపులు గుంపులుగా కనిపించే మామూలు సైనికుడి బొమ్మ ఇది. ఎత్తు ఆరంగుళాలు, స్కేలు 1:12, అంటే ఆరడుగుల మనిషి ఆరంగుళాలకు దిగాడన్నమాట. పెట్టెలోంచి తీసి షెల్ఫులో నిలబెట్టి ఏళ్ళు గడిచాయి. ఏ కంపెనీదో రాయడం లేదు. ఈ సైజులో, ఈ ధరలో ఎవరు చేసిన బొమ్మనైనా చూడాల్సిన చోట్లు ఇవే.

కొన్న వారంలోపు రాసిన రివ్యూలకు కొదవ లేదు. పెయింట్ ఎలా ఉంది, హెల్మెట్ పోలిక కుదిరిందా అన్నది వాటిలో చక్కగా తెలుస్తుంది. నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఆ ప్లాస్టిక్ ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. కడపలో బొమ్మలు దాచుకునేవాళ్ళకు ముందు తెలియాల్సింది అది.

మంచి నుంచే మొదలుపెడతాను. అచ్చు పని అద్భుతం. హెల్మెట్ దవడ దగ్గరున్న సన్నటి గాళ్ళలోకి గోరు పెడితే అంచు తెలుస్తుంది. కళ్ళ అద్దాల చుట్టూ నల్ల గీత ఒక్క చోట కూడా పక్కకు జారలేదు. నకలు బొమ్మ మొదట దొరికిపోయేది ఇక్కడే. అసలు బొమ్మను పట్టుకుని దాని మీద మళ్ళీ అచ్చు తీస్తారు కాబట్టి అంచులన్నీ మొద్దుబారతాయి, సైజు కూడా కాస్త తగ్గుతుంది. మా అక్క కొడుకు వేసవి ఎగ్జిబిషన్‌లో కొనుక్కున్న అలాంటి సైనికుణ్ణి దీని పక్కన నిలబెట్టి చూశాం. తల తేడాగా కిందికి ఉంది, దవడ గాళ్ళు పెయింట్‌తో పూడిపోయాయి, ఒళ్ళంతా ఘాటైన వాసన. పిల్లాడికి ఆడుకోవడానికి అది చాలు. దాచుకునేవాళ్ళు మాత్రం హెల్మెట్ దవడ చూడకుండా డబ్బులు ఇవ్వకూడదు.

ఇక కీళ్ళు. నా లెక్కలో బొమ్మ నాణ్యతలో సగం ఇక్కడే తేలుతుంది. 1978లో కెన్నర్ కంపెనీ తెచ్చిన 3.75 అంగుళాల స్టార్ వార్స్ బొమ్మల్లో ఎక్కువ వాటికి మెడ, రెండు భుజాలు, రెండు తొడలు మాత్రమే కదిలేవి. 1982లో హాస్బ్రో కంపెనీ తన జి.ఐ. జో అనే సైనికుల బొమ్మలను ఆ సైజులో తెచ్చినప్పుడు మోచేతులు, మోకాళ్ళు కూడా వంగాయి. మన దేశంలో ఫన్‌స్కూల్ అమ్మిన జి.ఐ. జోలతో ఆడుకున్న మా వయసువాళ్ళకు ఆ కీళ్ళ బిగువు ఇంకా వేళ్ళకు గుర్తుంటుంది. ఇప్పటి ఆరంగుళాల బొమ్మకు మోకాలు రెండు చోట్ల వంగుతుంది, మడమ పక్కలకు కూడా ఒరుగుతుంది. కదిలే చోట్లు పెరిగాయి, దాంతో అరిగే చోట్లు కూడా పెరిగాయి.

ఈ సైనికుడి మోచేతులు ఇవాళ్టికీ గట్టిగా ఉన్నాయి. గన్ను రెండు చేతులతో ఎత్తి పట్టించి రాత్రంతా వదిలేస్తే తెల్లారి కూడా అదే ఎత్తులో ఉంటుంది. కొత్త బొమ్మకు నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే. మోకాళ్ళ దగ్గర మాత్రం రెండు కాళ్ళూ ఒకేలా లేవు. ఎడమది బిగువుగా నిలబడుతుంది, కుడిది కొనేటప్పుడే కొద్దిగా వదులు. ఒకే పెట్టెలో వచ్చిన ఒకే బొమ్మకు ఇంత తేడా రావడం నాకు నచ్చలేదు. ఇంత ధర పెట్టించుకున్నవాళ్ళు ఆ పిన్ను సరిగ్గా బిగించాల్సింది. తుంటి దగ్గర గుండు కీలు వదులైతే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. కాలు మెల్లగా ఊడదీసి, గుండు మీద ఫెవికాల్ పలచగా రాసి, పూర్తిగా ఆరాక మళ్ళీ ఎక్కిస్తే బిగువు వస్తుంది. మోకాలి పిన్నుకు అలాంటి సులువు లేదు, ఎందుకంటే అది ఊడి రాదు.

ఇంకో మాట. కొత్త బొమ్మలో ఏ కీలైనా కదలకపోతే బలం పెట్టవద్దు. పెయింట్ లోపలికి కారి అతుక్కుపోయి ఉంటుంది, బలంగా తిప్పితే పిన్ను విరుగుతుంది. వేడి నీళ్ళలో కాసేపు ఉంచి, ప్లాస్టిక్ మెత్తబడ్డాక అటూ ఇటూ కొద్ది కొద్దిగా కదిలిస్తే వదులుతుంది. దీనికి చీలమండ దగ్గర నేను అదే చేశాను, గీత పడకుండా వచ్చింది.

ఇప్పుడు ఎండ సంగతి. మా ఇంట్లో అలమరా అరలు కడప బండలవి. పడమటి గోడలో ఉన్న ఆ బండలు మధ్యాహ్నం వేడి పట్టుకుని రాత్రి దాకా వదలవు. ఇలాంటి బొమ్మలో ఛాతీ, కాళ్ళ లాంటి గట్టి భాగాలు ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్. బెల్టు, భుజం పట్టీ, గన్ను మెత్తటి పీవీసీ. పీవీసీ సహజంగా గట్టిది. దాన్ని మెత్తగా ఉంచడానికి ప్లాస్టిసైజర్ అనే నూనె లాంటి పదార్థం కలుపుతారు. వేడికి అది మెల్లమెల్లగా పైకి చేరుతుంది. మొదటి వేసవి చివర్లో భుజం పట్టీ మీద వేలు పెడితే జిగురు తగిలింది. ఆ జిగురుకు మా వీధి ఎర్రదుమ్ము అంటుకుంటే నారింజ రంగు మట్టి రంగైంది.

గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి నీడలో ఆరబెడితే ఆ జిగురు పోతుంది. థిన్నర్, స్పిరిట్ దగ్గరికి కూడా రానివ్వకూడదు, పెయింట్ లేచిపోతుంది. మరుసటి వేసవికి జిగురు మళ్ళీ వస్తుంది, కానీ తక్కువగా. ఒక్క నష్టం మాత్రం తుడిస్తే పోయేది కాదు. బెల్టు పక్కకు జరిపి చూస్తే కింద తెల్ల నడుము మీద సన్నగా మెరిసే గీత ఉంది. మెత్తటి ప్లాస్టిక్‌లోంచి వచ్చిన పదార్థం గట్టి ప్లాస్టిక్ పైపొరను తిన్న గుర్తు అది. బెల్టు పెట్టి ఉన్నంతసేపు కనపడదు, కాబట్టి పెద్దగా పట్టించుకోవడం లేదు.

గన్ను గొట్టం మే నెలలో కిందికి వంగింది. దాని వెనకే కుడి మడమ కూడా. మా అక్క కొడుకు వచ్చినప్పుడు, "మామా, వీడు ముందుకు ఒరుగుతాండాడు, పడతాడేమో చూడు" అన్నాడు. వంగిన గన్నును సరిచేయడం తేలికే. నీళ్ళు మరిగించి స్టవ్ కట్టేసి, రెండు నిమిషాలు ఆగి, గన్ను ఒక్కటే ముంచాలి. మెత్తబడగానే వేళ్ళతో తిన్నగా లాగి వెంటనే ఐసు నీళ్ళలో పెడితే ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది. మడమకు కూడా ఇదే పద్ధతి, కాకపోతే పెయింట్ ఉన్న భాగం కాబట్టి ఎక్కువసేపు ముంచకూడదు. బరువంతా ఒక కాలి మీద పడేలా నిలబెడితే ఏ బొమ్మకైనా ఈ అవస్థ తప్పదు. పాదాల కింద రంధ్రాలు ఇచ్చినవాళ్ళు పెట్టెలో ఒక చిన్న స్టాండ్ కూడా పెట్టి ఉండాల్సింది. అది విడిగా కొన్నాక బొమ్మ మళ్ళీ ఒరగలేదు.

తెలుపు గురించి కూడా చెప్పాలి, తెల్ల కవచం కొనేవాళ్ళు దీనికోసమే భయపడతారు. కిటికీ వైపున్న ఎడమ చేయి కాస్త మీగడ రంగుకు తిరిగింది, కుడి చేయి కొన్ననాటిలాగే ఉంది. రెండు చేతులూ దగ్గర పెడితే తప్ప తేడా తెలియదు. ఏబీఎస్‌ను పసుపు చేసేది ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలు. మామూలు కిటికీ అద్దం వాటిలో కొంతభాగాన్నే ఆపుతుంది. కాబట్టి అద్దాల అలమరాలో పెట్టాం కదా అని ఎండ తగిలే చోట ఉంచితే లాభం లేదు. నల్ల, బూడిద రంగు బొమ్మలు కొన్నవాళ్ళకు ఈ టెన్షన్ ఉండదు.

పెయింట్ విషయంలో ఒక్క ఫిర్యాదు. మోచేయి వంగే చోట నలుపు రంగు ప్లాస్టిక్‌లోనే కలిపి పోశారు, అందుకే ఎంత కదిలించినా గీకుడు పడలేదు. మోకాలి చిప్ప మీద మాత్రం పైన పూసిన రంగు, అంచులో లేచింది. బొమ్మ కొనే ముందు ఫోటోలో ఇది పట్టుకోవడం కష్టం. వాడినవాళ్ళనే అడగాలి.

ధర మాట దాటేయలేను. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. ఇలాంటి బొమ్మ విదేశంలో ఉన్న ధరకూ మన చేతికొచ్చే ధరకూ మధ్య ఇంత దూరం అందుకే. ఆ డబ్బుకు ఇది తగునా అంటే, అచ్చుకు, మోచేతులకు, హెల్మెట్ పెయింట్‌కు తగును. ఆ కుడి మోకాలికి తగదు. ఐదుకు మూడున్నర ఇస్తాను. చల్లటి ఊళ్ళో ఉండేవాళ్ళయితే నాలుగు అనుకోవచ్చు.

సెకండ్‌హ్యాండ్‌లో చూసేవాళ్ళు అమ్మేవాళ్ళను మూడు ఫోటోలు అడగండి: బెల్టు ఎత్తి నడుము, రెండు చేతులు పక్కపక్కన, స్టాండ్ లేకుండా నిలబెట్టి పక్కనుంచి. పెట్టెలోంచి తీయలేదు, సీల్ ఉంది అన్నా ఈ ఎండలకు నమ్మకం చాలదు. మూసిన పెట్టెలో గాలి ఆడదు, పైకొచ్చిన జిగురు బొమ్మ మీదే ఉండిపోతుంది. నాది ఇప్పుడు తూర్పు గది చెక్క షెల్ఫులో ఉంది, ఏప్రిల్ నుంచి జూన్ దాకా గన్ను చేతిలోంచి తీసి పక్కన పడుకోబెడుతున్నాను.