పట్టేసే యాక్సిలరేటర్: కొత్త కేబుల్, పీటీఎఫ్ఈ డ్రై స్ప్రే చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. పీటీఎఫ్ఈ (అంటే టెఫ్లాన్) డ్రై స్ప్రే, కదిలే భాగాలు పట్టేయకుండా కొట్టే లూబ్రికెంట్, మంచి సరుకే, ఇప్పటికీ వాడుతున్నాను. కానీ డబ్బా కొని కేబుల్‌లోకి కొట్టేస్తే యాక్సిలరేటర్ బాగైపోతుందనుకునేవాళ్లు కాస్త ఆగండి. నా పాత వ్యాన్‌ని దారికి తెచ్చినవి కొత్త కేబుల్, తుప్పు వదిలించిన ఓ చిన్న పిన్ను. ఆ పిన్ను మళ్లీ పట్టేయకుండా చూస్తున్నది స్ప్రే.

మాది కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఉన్న పెట్రోల్ బండి. కాలు తీశాక కూడా పెడల్ సగంలో ఆగేది, ఇంజన్ రేసు దిగేది కాదు. బ్రేక్ తొక్కుతున్నా బండి ముందుకే తోస్తుంటే ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు. అలా జరిగితే క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి, గట్టిగా బ్రేక్ వేసి పక్కకు ఆపాకే ఇగ్నిషన్ కట్టేయండి. బండి కదులుతుండగా తాళంచెవి లాగేస్తే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది.

ఎక్కడ పట్టేస్తోందో కనుక్కోవడమే అసలు పని. ఇంజన్ చల్లారాక కార్బురేటర్ దగ్గర కేబుల్ కొస ఊడదీశాను. కేబుల్ లాగితే ఇంజన్‌కి గాలి దారి తెరిచే థ్రాటిల్ లివర్‌ని వేలితో తిప్పి వదిలితే టక్కున వెనక్కి వచ్చింది. అంటే కార్బురేటర్‌లో లోపం లేదు. (అక్కడే బిగుతుగా ఉంటే థ్రాటిల్ షాఫ్టుకి పట్టిన మడ్డిని కార్బురేటర్ క్లీనర్‌తో కడగాలి.) తర్వాత కేబుల్ వైరుని చేత్తో లాగి చూశాను. వంపు దగ్గరికి రాగానే ఇసుకలో లాగినట్టు గరగరమంది. బయటికి తీస్తే రెండు పోగులు తెగి, వాటి కొసలు వంకర తిరిగి ఔటర్ (వైరు పై తొడుగు) లోపలి గోడను గీరుతున్నాయి. అంతకుముందు ఒక వర్క్‌షాపులో కూరిన గ్రీజు దుమ్ముతో కలిసి నల్లగా గట్టిపడి ఉంది. పోగులు తెగిన కేబుల్‌కి ఏం పూసినా ప్రయోజనం లేదు, మార్చాల్సిందే.

పెడల్‌కీ కార్బురేటర్‌కీ మధ్య ఉన్న ఎల్ ఆకారపు లివర్ కూడా బిగుసుకుంది. కాటర్ పిన్ తీసి, లివర్ తిరిగే పిన్నుని సన్నటి ఎమెరీ పేపర్‌తో రుద్ది, అరిగిన బుష్ (పిన్ను చుట్టూ ఉండే చిన్న తొడుగు) మార్చాను.

ఇక స్ప్రే సంగతి. తుప్పు వదిలించే మామూలు స్ప్రేలు బిగుసుకున్న బోల్టుకి బాగా పనిచేస్తాయి. పెడల్‌ని కార్బురేటర్‌కి కలిపే లివర్లకీ, పిన్నులకీ కొడితే మాత్రం ఆ కాసేపు తేలిగ్గా కదులుతుంది, ఆరిపోయాక మళ్లీ మొదటికే వస్తుంది. పైగా మిగిలిన కాస్త గ్రీజునీ కడిగేస్తాయి. డ్రై స్ప్రే ఆరాక పొడి పొర మిగులుతుంది, దానికి దుమ్ము అంతగా అంటుకోదు. రోడ్డు దుమ్మంతా చేరే పెడల్ పిన్నుకీ, లివర్‌కీ అందుకే ఇది నాకు నచ్చింది. కొత్త కేబుల్‌కి లోపల వైరు సులువుగా జారే నైలాన్ గొట్టం ఉంది కాబట్టి అందులో ఏమీ కొట్టలేదు.

నీళ్లు పడితే ఆ పొర పోతుంది, బండి కింద కడిగించిన ప్రతిసారీ మళ్లీ కొట్టుకోవాలి. కొట్టేటప్పుడు పెడల్ రబ్బర్ల మీద గుడ్డ కప్పండి, ముఖ్యంగా బ్రేక్ పెడల్ మీద. దాని మీద పడితే కాలు జారుతుంది.

గట్టి రిటర్న్ స్ప్రింగ్ వేస్తే చాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. స్ప్రింగ్ సాగిపోతే మార్చాలి, అది వేరే మాట. రాపిడి అలాగే ఉంచి గట్టి స్ప్రింగ్ వేస్తే కాలికి బరువు, కేబుల్ మీద అదనపు లాగుడు. అసలు జబ్బు బయటపడకుండా ముదురుతుంది.

కొత్త కేబుల్ మొదట్లో కాస్త వదులైతే అడ్జస్టింగ్ నట్‌తో సరిచేశాను. కాలు తీసినప్పుడు కేబుల్‌లో కొద్దిపాటి ప్లే (వదులు) ఉండాలి, మరీ బిగిస్తే స్లో స్పీడు (కాలు తీసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం) పెరిగిపోతుంది. పెడల్ పూర్తిగా తొక్కించి థ్రాటిల్ మొత్తం తెరుచుకుంటోందో లేదో కూడా చూసుకోండి. ఎండలూ వానలూ గడిచినా పెడల్ మళ్లీ ఆగలేదు. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోనివ్వాల్సినప్పుడు కాలు ఎంత వదిలితే రేసు అంతే దిగుతోంది. కేబుల్‌కి 5కి 5 ఇస్తాను. మాటిమాటికీ కొట్టుకోవాల్సి రావడం వల్ల స్ప్రేకి 4.