పరాయి బిడ్డతో గోదావరి మీద మూడు రోజులు: వెంట ఉంచుకున్న కాగితాలు

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయిని దిండి హౌస్‌బోటుకూ, అక్కడి నుంచి పాపికొండల లాంచీకీ తీసుకువెళ్లాలని అనుకున్నాము. బయలుదేరడానికి వారం ముందు దాని స్నేహితురాలు కూడా వస్తానంది. ఆ పాపకు పదేళ్లు. తండ్రి కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నారు, తల్లి అమలాపురంలో నర్సు. "మీతోనే కదా అక్కా, పంపిస్తాను" అని ఆమె ఒక్క మాటలో ఒప్పుకుంది. ఆమెకు నా మీద నమ్మకం ఉంది, సరే. దారిలో ఎదురయ్యే లాడ్జి గుమాస్తాకూ, లాంచీ సరంగుకూ, అవసరం పడితే డాక్టరుకూ నేనెవరో తెలియదు కదా అన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు.

టెక్సాస్‌లో ఉంటున్న మా చెల్లెలు నిరుడు పక్కింటి తెలుగువాళ్ల అబ్బాయిని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వెళ్లి వచ్చే క్రూయిజ్ ఓడలో తీసుకువెళ్లింది. 16 ఏళ్ల లోపు అమెరికా పౌరుడు, బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ఓడ ఎక్కితే జనన ధ్రువపత్రం సరిపోతుంది. అయినా అబ్బాయి తల్లిదండ్రులిద్దరి చేతా సంతకం చేయించి, నోటరీ చేయించిన అనుమతి పత్రాన్నీ, వైద్యానికి సమ్మతి పత్రాన్నీ అది వెంట తీసుకువెళ్లింది. ఆ నమూనానే నేను అడిగి తెప్పించుకుని మన అవసరానికి తగినట్టు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రాయించాను.

అందులో పాప పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, నా పేరు, చిరునామా, మేము తిరిగే ఊర్లు, ఎక్కే పడవలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవి ఉన్నాయి. అత్యవసరమైతే పాపకు వైద్యం చేయించే అధికారం నాకు ఇస్తున్నామన్న వాక్యాన్ని విడిగా, స్పష్టంగా రాయించాను. అడుగున పాపకు పెన్సిలిన్ పడదని తల్లి తన చేత్తోనే రాసి, రక్తం గ్రూపు కూడా చేర్చింది. పాప ఫొటో ఒకటి పై మూలన అంటించాము. చిక్కంతా తండ్రి సంతకం దగ్గర వచ్చింది. "నా ఎదుట సంతకం పెడితేనే నేను ముద్ర వేయాలమ్మా, కువైట్‌లో ఉన్నాయన సంతకానికి వేయకూడదు" అని నోటరీ గారు ఖండితంగా చెప్పారు. ఆయన చెప్పింది న్యాయమే. అందుచేత తల్లి సంతకానికి మాత్రమే నోటరీ చేయించి, తండ్రి తన చేత్తో రాసి వాట్సాప్‌లో పంపిన ఉత్తరాన్నీ, ఆయన పాస్‌పోర్టు నకలునూ దానికి జత చేశాము. విదేశీ ఓడ ప్రయాణమైతే ఆయన అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెళ్లి సంతకాన్ని ధ్రువీకరింపజేసుకోవడమే క్షేమం.

పాప ఆధార్‌తో పాటు జనన ధ్రువపత్రం నకలు కూడా తీసుకున్నాను. అనుమతి పత్రంలో సంతకం చేసినవారే ఈ బిడ్డ తల్లిదండ్రులని తేల్చి చెప్పేది జనన ధ్రువపత్రమే. తల్లి ఆధార్ నకలు మీద ఆమె సంతకం పెట్టించాను, పోల్చి చూసుకోవాలనుకునేవారికి పనికొస్తుందని.

దిండిలో మేము దిగిన చోటు వశిష్ఠ పాయ ఒడ్డున, చించినాడ వంతెనకు దగ్గరలో ఉంది. కౌంటరు దగ్గరి కుర్రాడు పిల్లలిద్దరి ఆధార్ కార్డులూ అడిగి తీసుకుని, ఇంటిపేర్లు వేరుగా ఉండటం చూసి, "ఈ పాప మీకేమవుతుందండీ?" అని మర్యాదగానే అడిగాడు. పత్రం చూపించాను. చదివి, "వాళ్లమ్మగారితో ఒక్కసారి మాట్లాడతానండీ, ఏమీ అనుకోకండి" అంటూ అందులోని నంబరుకు ఫోను చేశాడు. అనుకోవడానికేముంది, నాకు ప్రాణం కుదుటపడింది. పడవలో గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది, రాత్రి పడవను ఒడ్డున కట్టేశారు, పై అంతస్తు చుట్టూ కటకటాలు పిల్లల భుజాల ఎత్తున ఉన్నాయి. దోమలు మాత్రం బాగా ఇబ్బంది పెట్టాయి. ఇంకొకరి బిడ్డతో వెళ్లేవారికి నేను ధైర్యంగా చెప్పగల బస ఇదే.

మరునాడు అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరికి వెళ్లాము. అక్కడ ఇసుకలో పాప పాదానికి గుల్ల పెంకు గుచ్చుకుని లోతుగా కోసుకుంది. తిరుగు దారిలో కనిపించిన ఒక చిన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాము. గాయం కడుగుతూనే డాక్టరు గారు "మీ పాపేనా అమ్మా?" అని అడిగారు. ఆయన అప్పటికే మందుల చీటీ మీద ఒక పేరు రాయడం మొదలుపెట్టారు. నేను పత్రం చేతికిస్తే చివరి దాకా చదివి, పెన్సిలిన్ అన్న మాట దగ్గర ఆగి, చీటీ మీద రాసిన పేరును అడ్డంగా కొట్టేసి వేరే మందు రాశారు. ఆ కొట్టివేత గీత నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. తల్లి ఆ ఒక్క మాట రాయకపోతే, నొప్పితో ఏడుస్తున్న పదేళ్ల పిల్ల ఆ సంగతి చెప్పగలిగేదా?

12 ఏళ్ల లోపు బిడ్డ మేలు కోరి సద్భావంతో చేసే పనికి సంరక్షకులు గాని, బిడ్డను చట్టబద్ధంగా తమ అధీనంలో ఉంచుకున్న మరొకరు గాని సమ్మతి ఇవ్వవచ్చని భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ చెబుతుంది. సమ్మతి తీసుకునే వ్యవధి లేనంత అత్యవసరంలో డాక్టరు ఆగనక్కరలేదని 30వ సెక్షన్ అంటుంది. నా అధీనం చట్టబద్ధమని చూపడానికి నా దగ్గర ఉన్న ఆధారం ఆ కాగితమే.

రాజమహేంద్రవరంలో రాత్రి దిగిన లాడ్జి గురించి మంచి మాట చెప్పలేను. నా ఒక్కదాని ఆధార్ తీసుకుని, "పిల్లలే కదండీ, అక్కరలేదు" అని వారి పేర్లు రిజిస్టరులో రాయనే లేదు. పట్టుబట్టి రాయించాను. లాంచీ టికెట్లు అమ్మిన ఏజెంటు కూడా నా పేరు రాసి పక్కన "ఇద్దరు పిల్లలు" అని వదిలేశాడు.

పోలవరం దగ్గర కాఫర్ డ్యామ్ (పనుల కోసం నీటిని ఆపే తాత్కాలిక కట్ట) కట్టినప్పటి నుంచి పాపికొండల లాంచీలు దానికి ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర బయలుదేరుతున్నాయి. డెల్టా ధవళేశ్వరం దగ్గరే మొదలవుతుంది గనుక ఇది డెల్టా దాటిన చోటు, అయినా మన వైపు నుంచి వెళ్లేవారే ఎక్కువ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయిన తరువాత రేవుల్లో కంట్రోల్ రూములు వచ్చాయి. అక్కడి ఉద్యోగి జాబితా చూసి, పిల్లల పేర్లు, వయసులు, ఇంటి ఫోను నంబర్లు రాస్తే గాని ఎక్కనివ్వనన్నారు. వెనక వరుసలో కొందరు ఆలస్యమవుతోందని విసుక్కున్నారు. నేను మాత్రం ఆయనకు మనసారా దణ్ణం పెట్టాను. ఆ దుర్ఘటన రోజున ఒడ్డున నిలబడి తమవాళ్ల కోసం వెతుక్కున్నవారికి జాబితాలో ఒక పేరు ఎంత విలువైనదో తెలుసు. లాంచీలో పిల్లల సైజు లైఫ్ జాకెట్లు అడిగితే రెండు వెతికి తెచ్చి ఇచ్చారు. వాటిని అడగకుండానే ఇవ్వాలి.

విశాఖ నుంచి చెన్నై వైపు 2022 జూన్‌లో క్రూయిజ్ నౌక మొదలైనప్పటి నుంచి పిల్లలిద్దరికీ దాని మీద ఆశ ఉంది. దేశంలోని రేవుల మధ్య ప్రయాణానికి గుర్తింపు కార్డులతో పాటు ఇలాంటి పత్రమే తీసుకువెళతాను. వేరే దేశపు రేవుకు వెళ్లే ఓడ అయితే పాస్‌పోర్టు, వీసా సంగతి ముందు చూసుకోవాలి. 15 ఏళ్ల లోపు పిల్లల పాస్‌పోర్టు గడువు అయిదేళ్లకు మించదు, తీరా టికెట్లు కొన్నాక గడువు తీరిందని తెలిస్తే చేయగలిగేది ఉండదు.

ఈసారి అసలు పత్రాన్ని రెండు ప్రతులు నోటరీ చేయిస్తాను. ఉన్న ఒక్కదాన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి పడవలో చేతి సంచిలోనే ఉంచుకున్నాను, నీళ్లలో పడితే ఏమిటన్న దిగులు మూడు రోజులూ ఉంది. రెండోది పాప సంచిలో, తల్లి ఫోను నంబరు రాసిన చీటీతో కలిపి పెడతాను.